సందుగ తెరుద్దాం: ఇంట్లోని పాత బట్టలను గుర్తుపట్టి, పేరు రాసి, దాచుకోవడం ఎలా

హన్మకొండ ఇంట్లో అటక మీదున్న అమ్మ సందుగను దించిన రోజు, నేను ఒక్కో బట్టా బయటికి తీసి "ఇదేం చీర?" అని అడుగుతుంటే అమ్మ ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. గొల్లభామ, దసలి పట్టు, చిటికి, కుప్పడం, షత్రంజీ. ఆ మాటల్లో సగం నాకు తెలియవు. మా చెల్లెలికి నాకు తెలిసినన్ని కూడా తెలియవు. అప్పుడే భయం వేసింది. పేరు చెప్పే మనిషి లేకపోతే ఆ సందుగలో ఉన్నవన్నీ ఒట్టి పాత బట్టలే.

మా మేనత్త ఇంట్లో అదే జరిగింది. "పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం" అని వీధిలో అరుచుకుంటూ వచ్చిన మనిషికి వాళ్ళ అత్తగారి చీరలు మూడు ఇచ్చి, ఒక స్టీలు డబ్బాల సెట్టు తీసుకున్నారు. జరీని కాల్చి వెండి తీస్తారని తర్వాత తెలిసింది. ఆ మూడూ ఎక్కడివో, ఏ నేతో ఇప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అవి గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఈ మార్గదర్శి రాస్తున్నాను. మీ సందుగ వరంగల్‌లో ఉన్నా, జమ్మికుంటలో ఉన్నా, సిద్దిపేటలో ఉన్నా పని ఒకటే. ముప్పై బట్టలుంటే రెండు రోజులు పడుతుంది. ఒక్క పూటలో ముగించాలని కూర్చోకండి.

తెరిచే ముందు

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తడి ఉన్నప్పుడు తీసిన బట్ట ఆ తడితోనే మళ్ళీ లోపలికి పోతుంది. ఎండ కాసే పొడి రోజు చూసుకోండి. నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరచండి. ఉంగరాలు, గాజులు తీసేయండి, పాత పట్టు పోగు వాటికి ఇట్టే చిక్కుకుంటుంది. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి, క్రీములు రాసుకోకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: కొలత టేపు, పెన్సిలు, నోటు పుస్తకం, తెల్ల నూలు పట్టీ (టైలరింగ్ సామాను షాపులో దొరుకుతుంది), సూదీ దారం, చిన్న పట్టుకారు, అగ్గిపెట్టె, నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం. ఒక అట్టముక్కలో సరిగ్గా అంగుళం పొడవు, అంగుళం వెడల్పు కిటికీ కోసి పెట్టుకోండి. దాని అవసరం ముందు ముందు వస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యం, ఆ బట్టలు కట్టిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం. అమ్మో, అమ్మమ్మో, చిన్నమ్మో, ఎవరైనా సరే. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. వాళ్ళు ఏ మాట అంటే అదే రాయండి. అమ్మ "అంచు" అంటే మీరు "బార్డర్" అని రాయొద్దు. "గళ్ళ చీర" అంటే "చెక్స్" అని మార్చొద్దు. వాళ్ళ మాటను దిద్దడం మొదలుపెడితే రెండో చీరకే నోరు మూసేస్తారు.

మొదట బట్ట దిక్కు తెలుసుకోవాలి

చీరను పొడవుగా పరచండి. కొంగు చివర సన్నని పోగులు వేలాడుతుంటాయి, చాలా చీరల్లో వాటిని ముడివేసి కుచ్చులు కట్టి ఉంటారు. ఆ పోగులు చీర పొడవునా ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్తాయి. అదే పడుగు. దానికి అడ్డంగా, నాడెలో (మగ్గం మీద అటూ ఇటూ తిరిగే చెక్క పనిముట్టు) నూలు చుట్టిన కండె పెట్టి అటూ ఇటూ విసిరేది పేక. మంచి కాపురాన్ని పడుగు పేకలా కలిసిపోయారు అంటామే, ఆ మాట ఇక్కడిదే.

నిలువు, అడ్డం తేలాక మిగతా పేర్లు సులువు. పొడవునా రెండు పక్కలా ఉండేది అంచు. భుజం మీంచి వెనక్కి పడేది కొంగు. మధ్యదంతా ఒళ్ళు. ఒంట్లో విడివిడిగా వేసిన చిన్న పువ్వులు బుటాలు. అంచుకు రుద్రాక్ష, మామిడి పిందె, గుడి గోపురం లాంటి పేర్లుంటాయి. మీ ఇంట్లో ఏమంటారో అడిగి రాసుకోండి.

టేపుతో పొడవు కొలవండి. ఇప్పటి చీర అయిదున్నర మీటర్లుంటుంది, రవిక గుడ్డతో కలిపితే ఆరు దాటుతుంది. ఎనిమిది తొమ్మిది గజాలు వచ్చిందంటే అది గోచి పోసి కట్టిన కాలంనాటి చీర అయ్యుండాలి. మా నాయనమ్మ చీరలు రెండు అలా బయటపడ్డాయి. ఒకదానికి కింది అంచు వెంట అంతా అరిగిపోయి ఉంది, పొలంలో నడిచిన అరుగుదల అది. ఆ అరుగుదలను కూడా రాసి పెట్టాను.

ఇప్పుడు అట్టముక్క కిటికీని బట్ట మీద పెట్టి ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. ఫొటోను పెద్దది చేసి అంగుళంలో పడుగు పోగులెన్నో, పేక పోగులెన్నో లెక్కపెట్టండి. ఎక్కువుంటే సన్న నేత, తక్కువుంటే ముతక. నేతగాళ్ళు నూలును "అరవై కౌంటు, ఎనభై కౌంటు" అంటారు. 840 గజాల నూలును ఒక చిలపగా చుడతారు. ఒక పౌను బరువుకు అలాంటి చిలపలు ఎన్ని తూగితే అంత కౌంటు. ఎనభై కౌంటు అంటే ఒక పౌనుకు ఎనభై చిలపలు. అంకె పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది. మగ్గం దగ్గర చీర కొనేటప్పుడు "పడుగు ఎంత కౌంటు, పేక ఎంత కౌంటు?" అని అడిగి చూడండి. అవతలి మనిషి మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

పోగు ఏమిటి?

కంటికి పట్టులా మెరిసేవన్నీ పట్టు కావు. అనుమానం ఉన్న బట్ట నుంచి, కుట్టు లోపలో కొంగు చివరో, ఒక్క పోగు తీయండి. పడుగు నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి విడివిడిగా చూడాలి, ఎందుకంటే రెండూ వేరు కావచ్చు. పట్టుకారుతో పట్టుకుని నీళ్ళ పళ్ళెం మీద అగ్గిపుల్ల చూపించండి.

నూలైతే వెంటనే అంటుకుని కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తని బూడిద మిగులుతుంది. పట్టైతే మెల్లగా కాలి, మంట తీయగానే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మిగిలిన నల్ల గుండును వేళ్ళతో నలిపితే పొడవుతుంది. ఉన్ని కూడా వెంట్రుక వాసనే ఇస్తుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుపోతుంది, చల్లారాక గట్టి పూస మిగులుతుంది, అది నలగదు. ఆర్ట్ సిల్క్ అని అమ్మే రేయాన్ మాత్రం నూలులాగే కాలుతుంది. మెరుపు పట్టుది, వాసన కాగితంది అయితే అది రేయాన్ అనుకోవచ్చు.

ఒకటే హెచ్చరిక. బాగా పాత బట్ట, పోగు తీస్తే చిరిగేలా ఉన్న బట్ట జోలికి ఈ పరీక్షతో వెళ్ళకండి. పోగు తెలియకపోతే "పోగు తేలలేదు" అని రాసి పక్కన పెట్టండి.

నేశారా, అద్దారా, కుట్టారా?

నా లెక్కలో ఈ పని మొత్తానికి ఇదే ఆయువుపట్టు. బట్ట మీద పువ్వు కనిపిస్తే ఆ పువ్వు ఎలా వచ్చిందన్నది ప్రశ్న. జవాబు ఎప్పుడూ వెనక వైపే ఉంటుంది. కాబట్టి ప్రతి బట్టనూ తిరగేయండి.

వెనక రంగు వెలిసినట్టు, అక్కడక్కడా తెల్లగా ఉంటే అది అద్దకం. ముందు వైపు నుంచి రంగు అద్దారు, వెనక దాకా పూర్తిగా దిగలేదు. కలంకారీని మాత్రం కాస్త ఆగి చూడాలి. కలం అంటే కలమే, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు, మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు. అచ్చుదైతే ఒకే పువ్వు ఒకే కొలతలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. కలం పనిలో ఏ రెండు ఆకులూ అచ్చంగా ఒకలా ఉండవు.

ముందూ వెనకా రంగు ఒకేలా ఉండి, పువ్వు అంచులు గీత గీసినట్టు కాకుండా ఈకల్లా చెదిరినట్టు కనిపిస్తే అది ఇక్కత్. పోచంపల్లి వైపు దీన్ని చిటికి అనేవాళ్ళు. ఇక్కత్ అన్న మాట ఇండోనేషియా వైపు నుంచి వచ్చింది, కట్టడం అని అర్థం. నేయడానికి ముందే నూలును లెక్క ప్రకారం గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. పడుగుకు మాత్రమే అలా చేస్తే ఒక రకం, పడుగుకూ పేకకూ రెండిటికీ చేసి మగ్గం మీద గీతకు గీత కలిపితే డబుల్ ఇక్కత్. నేసేటప్పుడు పోగు ఒక వెంట్రుకవాసి జరుగుతుంది, అందుకే ఆ చెదురు. మిల్లులో అచ్చువేసిన నకలులో ఆ చెదురును కూడా బొమ్మ గీసి పెడతారు, కానీ తిరగేయగానే దొరికిపోతుంది.

ఈ కట్టుకు ముందు నూలును ఆసు మీద పోయాలి. మేకుల చుట్టూ పోగును వేలసార్లు అటూ ఇటూ తిప్పే పని, ఇంట్లో ఆడవాళ్ళ భుజాలు పోయే పని. మన వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్ళే దారిలోనే ఉన్న ఆలేరు మనిషి చింతకింది మల్లేశం, తల్లి పడే ఆ బాధ చూసి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. ఆమె పేరు మీదే దానికి లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిటికి చీరను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ భుజమే.

వెనక వైపు పువ్వు ఉన్నంత మేర అదనపు పోగులు కనిపిస్తూ, అవి పేక వెళ్ళే దిక్కులోనే అడ్డంగా సాగుతుంటే అది నేతలో వేసిన బుటా. మామూలు పేకతోపాటు ఇంకో పేకను పువ్వు ఉన్నచోట మాత్రమే పెడతారు. ఉప్పాడ, వెంకటగిరి జాందానీలు ఈ పద్ధతివే. బనారస్ చీరల్లో వెనక వదులుగా వేలాడే పోగులూ ఇవే, కొన్నిట్లో వాటిని కత్తిరించేసి ఉంటారు.

ఇక పోగు ఏ దిక్కుకైతే ఆ దిక్కుకు, వంకరగా, గుండ్రంగా తిరుగుతూ, వెనక ముడులు కనిపిస్తే అది సూదిపని. నేత పడుగు పేకలకు కట్టుబడే ఉంటుంది, సూదికి ఆ కట్టుబాటు లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు, షాపులో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

ఊరు గుర్తుపట్టడం

మన వైపు సందుగల్లో ఉండేవి ఎక్కువగా ఇవి.

జంపఖానా. దీన్నే షత్రంజీ అని కూడా అంటాం. పెళ్ళిలో, పంచాయతీలో నేల మీద పరిచిందంటే చాలామటుకు వరంగల్ కొత్తవాడదే. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. తాకి చూడండి: పేక పోగులు ఎంత దగ్గరగా కొట్టి ఉంటాయంటే పడుగు అసలు కనిపించదు. పంజా అనే ఇనుప పళ్ళ పనిముట్టుతో పేకను దిగ్గొట్టడం వల్ల అలా వస్తుంది. రెండు రంగులు కలిసేచోట వేలు పెట్టి చూడండి. ఒక రంగు పేక రెండో రంగు పేకలో మెలిక వేసుకుని వెనక్కి తిరిగి ఉంటే మంచి పనితనం. ఇవి నూలువి. ఇదే ఊళ్ళో ముడులు వేసి నేసిన రత్నకంబళ్ళు వేరే పని, వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్ళాయి. మీ ఇంట్లో జంపఖానా మడత పెట్టి మంచం కిందికి తోసేసి ఉంటే దాన్ని కూడా ఈ లెక్కలోకి తీసుకురండి.

గొల్లభామ చీర. సిద్దిపేటది. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే అమ్మాయి బొమ్మ అంచులోనో కొంగులోనో ఉంటుంది. మా అమ్మ చీరలో అంచు పొడవునా వరసగా నడుస్తున్నారు, ఒంట్లో చిటికెన వేలంత చిన్నవి బుటాలుగా ఉన్నారు. ఆ బొమ్మలన్నీ నేతలో చేత్తో పెట్టిన పోగులే. నేను లెన్సు పెట్టి చూస్తే వరసలో ఒక గొల్లభామకు కుండ కాస్త పక్కకు ఒరిగి ఉంది. "నేసేటప్పుడు ఎవరన్న పిలిచిన్రేమో బిడ్డా" అంది అమ్మ. చేనేతకు అంతకంటే మంచి గుర్తు నాకు దొరకలేదు.

దసలి పట్టు. తేనె రంగు, తాకితే కాస్త గరుకు, పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అడవిలో మద్ది చెట్ల మీద పెరిగే పట్టుపురుగు కాయల నుంచి వస్తుంది. మన దగ్గర మహదేవపూర్, చెన్నూరు పేర్లు దీనికి చెప్పుకుంటారు. కంచి పట్టులా మెరవదు కాబట్టి చాలామంది దీన్ని నాసిరకం అనుకుని పనిమనిషికి ఇచ్చేస్తారు. రంగు వేయకుండానే వచ్చే ఆ తేనె రంగు పట్టును నేనైతే కంచి పట్టు పక్కనే పెడతాను.

గద్వాల. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్ళూ అంచూ కలిసేచోట పేక పోగులు ఒకదానిలో ఒకటి మెలిక పడి ఉంటాయి, దాన్నే కుప్పడం అంటారు. నారాయణపేట చీరకు గళ్ళ ఒళ్ళు, గట్టి రంగు అంచు ఉంటాయి. ఈ రెండూ పాలమూరు వైపువి అయినా మన ఇళ్ళలో పెళ్ళి పెట్టుబడి చీరలుగా దండిగా దొరుకుతాయి.

తేలియా రుమాలు, అంటే చతురస్రంగా ఉండే ఇక్కత్ గుడ్డ, దొరికితే మీ అదృష్టం. పుట్టపాకలో నేస్తారు. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి తయారు చేస్తారు కాబట్టి పాత రుమాలులో కూడా సన్నగా నూనె వాసన ఉంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు రంగులే ఎక్కువ. 2020లో జీఐ వచ్చింది.

మెట్‌పల్లి, వావిలాల ఖాదీ గుడ్డలుంటే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. చేత్తో వడికిన నూలును చేత్తో నేస్తేనే ఖాదీ. మిల్లు నూలును మగ్గం మీద నేస్తే అది చేనేత, ఖాదీ కాదు. మిల్లులోనే వడికి మిల్లులోనే నేస్తే మిల్లు బట్ట. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు బట్ట కూడా కొన్ని ఇళ్ళలో ఇంకా దొరుకుతుంది. అది మిల్లు బట్టే కదా అని తీసేయకండి, ఈ ఊరి సగం కుటుంబాలు ఆ మిల్లు సైరన్‌తో నిద్ర లేచాయి.

గొంగడి. కురుమల పని. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంట మగ్గం మీద నేస్తారు. వానలో కప్పుకుంటే నీళ్ళు జారిపోతాయి, రాత్రి పరుచుకుంటే పక్క అవుతుంది. దీన్ని పట్టుచీరలతో కలిపి పెట్టొద్దు, ఎందుకో చివర్లో చెబుతాను.

2017 నుంచి పంచిన బతుకమ్మ చీరలు కూడా ఉంటాయి. సిరిసిల్ల మరమగ్గాల మీద, వాళ్ళ మాటలో సాంచాల మీద, నేసిన పాలిస్టర్. చేనేత కాదు కాబట్టి అక్కర్లేదు అనకండి. సంవత్సరం రాసి ఒక్కటైనా ఉంచండి. అది కూడా మన బట్టల చరిత్రే.

బట్టకు సిల్క్ మార్క్ చీటీ ఉంటే అది 2004 తర్వాతిది, హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే 2006 తర్వాతిది, ఎందుకంటే ఆ గుర్తులు అప్పుడే మొదలయ్యాయి. చీటీలను పారేయకుండా నోటు పుస్తకంలో అంటించండి.

జరీ చూడటం

మంచి జరీ అంటే పట్టు పోగు చుట్టూ వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత వేసింది. లోపలి పట్టు పోగు మామూలుగా ఎర్రగా ఉంటుంది. చిరిగిన చోట జరీ విప్పుకుని ఉంటే లోపలికి చూడండి. ఎరుపు కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. తెల్ల పోగు, దాని చుట్టూ రాగి తీగ కనిపిస్తే ఇమిటేషన్. షాపుల్లో "టెస్టెడ్ జరీ" అంటే పరీక్ష నెగ్గిన జరీ అనుకుంటాం, కానీ అది రాగి తీగకు వెండి పూత వేసిన రకం. ప్లాస్టిక్ జరీ అయితే మంట చూపగానే కరుగుతుంది.

జరీ నల్లబడితే చింతపండుతోనో టూత్‌పేస్టుతోనో తోమకండి. ఉన్న పూత కూడా పోతుంది.

సూదిపని పేర్లు

ముందు మన మగ్గం వర్క్. ఇక్కడ మగ్గం అంటే నేసే మగ్గం కాదు. గుడ్డను నాలుగు వైపులా బిగించే చెక్క చట్రం, హిందీ వాళ్ళు దాన్ని అడ్డా, కార్చోబ్ అంటారు. కొక్కెం ఉన్న సూదితో కుడితే ఆరి. అది ముందు వైపు గొలుసు కుట్టులా పడుతుంది. చివరి ముడి ఊడితే గొలుసంతా లాగినట్టు విడిపోతుంది కాబట్టి, పాత జాకెట్టులో వేలాడే దారం కొస కనిపిస్తే లాగకుండా వెంటనే సూదితో ముడివేయండి. బంగారు తీగలు, చుట్టలు పెట్టి కుట్టేది జర్దోసీ. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం, రెండూ పారసీ మాటలు. సన్న స్ప్రింగులా ఉండే చుట్ట దబ్కా, పలకలు తిరిగి మెరిసేది నక్షీ. చమ్కీలు, పూసలు, కుందన్ రాళ్ళు మీకు తెలిసినవే. మెషీన్ ఎంబ్రాయిడరీ అయితే వెనక అంతా ఒకే రంగు దారం, ఎక్కువగా తెలుపు, దట్టంగా కనిపిస్తుంది.

లంబాడీ పని మన చుట్టూ తండాల్లోనే ఉంది, అయినా దాని పేర్లు మనలో చాలామందికి తెలియవు. లంగా ఫేటియా, రవిక కాంచళి, తలమీది ముసుగు టూక్రి. ముదురు రంగు నూలు గుడ్డ ముక్కలు కలిపి, అద్దాలు, గవ్వలు, నాణేలు, పూసలు కుడతారు. అద్దానికి రంధ్రం ఉండదు. చుట్టూ దారంతో చట్రం కట్టి, ఆ చట్రాన్నే గుడ్డకు పట్టిస్తారు. అద్దం చుట్టూ ఉన్న దారాన్ని దగ్గర్నుంచి చూస్తే ఆ పని ఎంత ఓపికదో తెలుస్తుంది. మహబూబాబాద్ వైపు ఏ తండాలోనైనా పెద్దవాళ్ళు కనిపిస్తే అడగండి, ఒక్కో కుట్టుకూ వాళ్ళ దగ్గర పేరుంటుంది.

మా బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగి. డ్యూటీ మీద ఎక్కడికి వెళ్ళినా ఒక గుడ్డ తెచ్చేవాడు. అలా మా సందుగలో దేశమంతా ఉంది. లక్నో చికన్: తెల్ల గుడ్డ మీద తెల్ల దారం. వెనక నుంచి కుట్టగా ముందు నీడలా కనిపించేది బఖియా, బియ్యపు గింజలా ఉబ్బింది ముర్రీ, పోగులు తెంపకుండా సూదితో పక్కకు జరిపి చేసిన వల జాలీ. పంజాబ్ ఫుల్కారీ: ముతక ఖద్దరు మీద మెలితిప్పని పట్టు దారం, వెనక వైపు నుంచి పోగులు లెక్కపెట్టి కుడతారు. గుడ్డ కనిపించనంత నిండుగా కుడితే దాన్ని బాగ్ అంటారు. ధార్వాడ కసూతి: ముడి లేకుండా కుడతారు, అందులో గవంతి కుట్టు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. బెంగాల్ కాంథా చూడగానే అమ్మ "ఇది మన బొంతనే కదా" అంది. నిజమే. పాత చీరలు పొరలుగా పరిచి టాకాలు వేయడం రెండు చోట్లా ఒకటే. వాళ్ళు ఆ టాకాలతోనే చేపలు, పూలు గీశారు. మన బొంతలను ఎవరూ దాచిపెట్టలేదు. మీ ఇంట్లో చేత్తో కుట్టిన బొంత ఉంటే దయచేసి దాన్ని కూడా ఈ లెక్కలో రాయండి.

కశ్మీర్‌లో "కానీ" అని పిలిచే శాలువాను చూసి సూదిపని అనుకోకండి. అది నేతే. తిరగేసి చూడమన్నది అందుకే.

పేరు రాసి కట్టడం

నూలు పట్టీని అరచేతి పొడవు కత్తిరించి, పెన్సిలుతో ఒక నంబరు మాత్రం రాయండి. బాల్‌పెన్ సిరా తడి తగిలితే పాకుతుంది. ఆ పట్టీని చీర లోపలి కొసన, జరీ లేని చోట, రెండు వదులు కుట్లతో పట్టించండి. పిన్నులు వద్దు, తుప్పు మరక ఎప్పటికీ పోదు. మిగతా వివరమంతా నోటు పుస్తకంలో అదే నంబరు కింద. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

నంబరు 7. గొల్లభామ చీర, సిద్దిపేట. పడుగు నూలు, పేక నూలు. ఒళ్ళు ముదురు ఆకుపచ్చ, అంచు ఎరుపు. బొమ్మలు నేతలో వేసినవి. పొడవు అయిదున్నర మీటర్లు. అంచులో ఒక కుండ ఒరిగింది. కొంగు దగ్గర రఫూ, అమ్మ చేసింది. అమ్మకు అమ్మమ్మ పెట్టింది, నేను పుట్టక ముందు. మొదట సద్దుల బతుకమ్మకు కట్టింది.

తెలియనిది ఖాళీ వదలండి. ఊహించి నింపొద్దు. రేపు ఎవరో చూసి చెప్పొచ్చు.

మళ్ళీ లోపల పెట్టడం

పట్టును నేరుగా ఎండలో వేయకండి, నీడలో గాలికి ఒక పూట ఆరనివ్వండి. ఉతికి మెత్తబడిన మల్లు గుడ్డలో ఒక్కోదాన్నీ చుట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, తడి లోపలే ఉండిపోతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు. వేపాకు బాగా ఎండబెట్టి చిన్న గుడ్డ సంచీలో కట్టి మూలల్లో పెట్టండి, ఆకు నేరుగా బట్టకు తగిలితే మరక పడుతుంది. పాత మడత మీదే మళ్ళీ మడిస్తే ఆ గీత వెంటే చీర తెగుతుంది, మడత చోటు మార్చండి. జరీ కొంగును లోపలికి ఉంచి మడవండి.

మగ్గం వర్క్ జాకెట్లు, లంబాడీ గుడ్డలు హ్యాంగరుకు తగిలించొద్దు, బరువుకు భుజం దగ్గర గుడ్డ సాగిపోతుంది. పరిచినట్టు పెట్టి, అద్దాలకూ పూసలకూ మధ్య తెల్ల గుడ్డ వేయండి. గొంగడిని బాగా దులిపి, ఎండబెట్టి, వేరే పెట్టెలో పెట్టండి. ఉన్నికి చిమ్మటలు పడతాయి, అక్కడి నుంచి పట్టులోకి వస్తాయి.

అడుగున జంపఖానా, దాని మీద నూలు చీరలు, పైన పట్టు, అన్నిటికంటే పైన సూదిపని. నోటు పుస్తకం సందుగలో పెట్టకుండా ఇంట్లో అందరికీ అందేచోట ఉంచి, ప్రతి పేజీకీ ఫొటో తీసి అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ పంపండి. మళ్ళీ తెరవాల్సిన రోజును మూత లోపలి వైపు చీటీ మీద రాసి అంటించండి. మాది బతుకమ్మ అయిపోయాక వచ్చే మొదటి ఆదివారం. అప్పటికి వానలు తగ్గుతాయి, చెల్లెలు కూడా ఇంట్లోనే ఉంటుంది.